నైఫ్ దాకా నిలబడ్డాను

చలికాలపు తుఫాను వానకి షార్జా రోడ్లు మునిగిన రోజు, నేనున్న, దుబాయ్ వెళ్లే బస్సును తడిసిన యూనిఫాంతో ఒక నర్సు ఎక్కింది. సీట్లు లేవు. ఫోన్‌లో తెలుగులో చెబుతోంది: "నా తర్వాత రావాల్సినవాళ్లు నీళ్లలో ఇరుక్కుపోయారు. డయాలిసిస్ ఆపలేంగా, నిన్నటి నుంచీ నేనే. సాయంత్రం మళ్లీ నేనే."

మా వంశంలో ఎవరికోసమూ లేచి నిలబడే అలవాటు లేదు. ఆస్తులు పోయినా ఆ బింకం పోలేదు. నేను లేచాను.

"దిగుతున్నారా అన్నా?"

"లేదమ్మా, కూర్చో."

"నైఫ్ స్టాప్‌లో కాస్త లేపండి. దాటిపోతే ఈ నీళ్లలో సాయంత్రం డ్యూటీకి చేరలేను" అంటూనే నిద్రపోయింది.

నా స్టాప్ ముందే వచ్చింది. దిగలేదు. నైఫ్‌లో లేపితే గబగబా దిగిపోయింది.

ఊళ్లో నన్ను దొరగారనేవారు. ఇక్కడ ఎవరూ ఏమనీ పిలవరు. ఈ అమ్మాయే అన్నా అంది. సీటు ఖాళీ అయినా చివరి స్టాప్ దాకా కూర్చోలేదు.