సారు అడిగి తీసుకున్న తాళంచెవులు

నా బిడ్డ మొదటిసారి ఒక్కతే కామారెడ్డి బస్సెక్కిన రోజే సారు పోయారు. ఆ సంతోషం చెప్పుకుందామని ఎల్లారెడ్డిలో వాళ్లింటికి బయలుదేరాను. చెప్పులేసుకుంటుంటే ఫోను వచ్చింది.

సారు నా బిడ్డకు చదువు చెప్పిన పంతులు. ఒకనాడు బడిలో దానికి ఫిట్స్ వచ్చాయి. నేను ఉరికిపోయి, మా ఇండ్లల్లో అందరూ చేసినట్టే పిడికిట్లో తాళంచెవి పెట్టాను. సారు దాన్ని తీసేసి, బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టారు. "తాళంచెవి తలుపుకు పెట్టుకోవయ్యా. బిడ్డకు గాలి ఆడనియ్యి" అన్నారు.

నరాల డాక్టరు కావాలంటే హైదరాబాదు పోవాలి. కూలి పోతుందని ఒక నెల పోకపోతే మందులు ఆగేవి, బిడ్డ మళ్లీ పడిపోయేది. నెలకొక్కసారైనా ఆ డాక్టరు ఎల్లారెడ్డి దవాఖానకు రావాలని సారు పట్టుబట్టారు. ఆరోగ్యశాఖ ఆఫీసరు రోగుల పేర్లు అడిగారట. ఒక్కరూ ఇయ్యలేదు. నేనూ ఇయ్యలేదు.

"పేరు రాస్తే ఊరంత తెలుస్తది సారూ" అన్నాను.

సారుకు కోపం రాలేదు. "పేరొద్దు. బిడ్డ చేతుల పెట్టే తాళంచెవి ఇయ్యి. దానికి పేరుండదు గద!"

జేబులోది తీసి ఇచ్చాను. సాయంత్రం మా ఇంటామె గడప ముందర నిలబడి, "అక్కల్ ఉన్నదా నీకు? ఇంటికి తాళమేసి చెవి సారుకిచ్చినవా?" అని అందుకుంది. తాళం పగలగొట్టాం. సారు కనబడినప్పుడల్లా, "ఏమయ్యా, కొత్త తాళం మంచిగున్నదా?" అని నవ్వేవారు.

నాలాగే ఇంకెన్నో ఇండ్లవాళ్లు ఇచ్చిన చెవులన్నీ సారు సుతిలితాడుకు గుచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టారు. నేను వెనకే ఉన్నాను. "ఒక్కో చెవి ఒక్కో ఇల్లు సార్. నోరు తెరిచి చెప్పుకోలేరు" అన్నారు. నాకు సిగ్గేసింది. అక్కడే దరఖాస్తు మీద మొదటి సంతకం నేనే పెట్టాను. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరిగామో! చివరికి డాక్టరు వచ్చారు. సారు దవాఖాన వరండాలో స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లనూ మంచిచెడు అడగక ముందే "మందు ఆపలేదు గద?" అనేవారు. నా బిడ్డ ఆపలేదు. ఎన్నాళ్లయిందో ఫిట్స్ రాక! కుట్టుపని నేర్చింది, లైనింగ్ గుడ్డ తనే కామారెడ్డి పోయి తెచ్చుకుంటోంది. ఈ ముసలి ప్రాణానికి ఇంకేం కావాలి!

ఈ నెల డాక్టరు వచ్చిన రోజు స్టూలు ఖాళీగా ఉంది. నా బిడ్డ పోయి దాని పక్కన నిలబడింది. ఒక తల్లి చిన్నపిల్లను ఎత్తుకొచ్చింది. పిల్ల పిడికిట్లో తాళంచెవి ఉంది. నా బిడ్డ ఆ వేళ్లను మెల్లగా విప్పింది.

"ఇంటిది కాదు గదక్కా? మా బాపు అట్లనే ఇచ్చి ఆగమయిండు."

"పాతదే చెల్లే" అంటూ ఆ తల్లి కండ్లు తుడుచుకుని నవ్వింది.

సారు ఆఫీసరు ముందర పెట్టిన ఆ గుత్తి ఇప్పుడు డాక్టరు గది కిటికీకే వేలాడుతోంది. నా బిడ్డ కొత్త చెవిని దానికి గుచ్చింది. తుప్పుపట్టిన చెవుల నడుమ అదొక్కటే, పిల్ల చేతి చెమటతో, ఇంకా తడిగా మెరుస్తోంది.