రాణివాసంలో వినిపించే చప్పట్లు

పాత రాజధాని చూడవచ్చే వాళ్ళకి ఆ గైడు ముప్పై ఏళ్ళుగా కోట చూపిస్తున్నాడు. కింద ప్రధాన ద్వారం కప్పు కింద నిలబడి చప్పట్లు కొడితే, కొండ మీది రాణివాసంలో చెవి పక్కనే కొట్టినట్టు వినిపిస్తుంది. ఆ చప్పట్లు కొట్టేది అతని భార్యే. ద్వారం పక్క అరుగు మీద బొమ్మలూ గాజులూ అమ్ముకునేది. పైనుంచి అతను ఎర్ర రుమాలు ఊపితే చాలు, బేరం మధ్యలో వదిలేసి లేచి, మూడు చప్పట్లు కొట్టేది.

"రుమాలు ఊపగానే పరిగెత్తడానికి నేనేమన్నా మీ సిపాయినా?" అని సాయంత్రం ఇంటిదారి పొడుగునా అతన్ని దులిపేసేది.

"మా ఆవిడ మాట ఇంట్లో ఎలాగూ చెవిన పెట్టనండీ, ఇక్కడ మాత్రం వినక తప్పదు" అని అతను యాత్రికులను నవ్వించేవాడు.

ఆమె పోయిన మూడు వారాలకు అతను మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఖాళీ అరుగు వైపు కన్నెత్తి చూడకుండా పన్నెండుమందిని వెంటబెట్టుకుని కొండెక్కాడు. రాజుల కథలన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చివర్లో అలవాటు కొద్దీ రుమాలు తీసి ఊపి, "ఇప్పుడు వినండి" అన్నాడు.

అందరూ చెవులు రిక్కించారు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏం వినపడటం లేదేంటండీ?" అంది ఒకావిడ.

అతను రుమాలు దించలేదు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా. మోకాళ్ళ నొప్పుల మనిషి, లేవడానికి కాస్త టైం పడుతుంది."