ల్యాప్‌టాప్ కోసం అంజనం

దెయ్యాలూ మహిమలూ నేను నమ్మను. చదువుకున్నానని గొప్పకు అనే మాట కాదిది, నమ్మకపోవడానికి నాకు సొంత కారణం ఉంది. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. కాన్పులో తలకు బదులు కాళ్ళు ముందు వచ్చాయి. అలా పుట్టినవాళ్ళ కాలికి ఏదో శక్తి ఉంటుందని మా వైపు గట్టి నమ్మకం. నడుము పట్టేసినవాణ్ణి ఎదురుకాళ్ళవాడు తంతే నొప్పి పోతుందంటారు.

చిన్నప్పుడు మా దేశనూరులో వడ్ల మూట ఎత్తి నడుము పట్టేసుకున్న ప్రతివాడూ పొద్దున్నే వచ్చి మా గడప ముందు బోర్లా పడుకునేవాడు. అమ్మ నన్ను నిద్రలేపి నిలబెట్టేది. కళ్ళు నలుపుకుంటూ తన్నేవాణ్ణి. కొందరికి తగ్గేది. తగ్గనివాళ్ళు మధ్యాహ్నానికి సిరుగుప్ప పోయి సూది వేయించుకునేవాళ్ళు. తగ్గినవాళ్ళ సంగతే ఊరంతా చెప్పుకునేది, సూది సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మహిమలు ఎలా పుడతాయో నాకు ఆ వయసులోనే తెలిసిపోయింది.

ఇప్పుడు తోరణగల్లులో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసే ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నేను కాస్త ముక్కోపినని పేరు, అది నిజమే.

మా అక్క భారతిని దేశనూరులోనే ఇచ్చారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆమెకు ఒక పాప, నెలలు నిండకుండానే పుట్టింది. బళ్ళారి ఆసుపత్రిలో అద్దాల గదిలో నీలం దీపాల కింద పెట్టారు. ఆ వెలుగు పడకుండా పాప కళ్ళకు తెల్లటి పట్టీ కట్టి ఉంచేవాళ్ళు. లోపలికి తల్లిని మాత్రమే పోనిచ్చేవాళ్ళు. బావా నేనూ అద్దం బయట నిలబడి చూసేవాళ్ళం. మూడు వారాలు కూడా గడవకుండానే పాప పోయింది.

అక్క దగ్గర మిగిలింది ఫోనులో తీసిన ఒక చిన్న వీడియో. పాప వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉంటుంది. కళ్ళకు పట్టీ ఉంటుంది. అంతే. పోయిన పసిబిడ్డ బొమ్మ ఇంట్లో ఉంటే మళ్ళీ కడుపు పండదని అక్క అత్తగారింట్లో పెద్దవాళ్ళు పట్టుబట్టారు. బావ మంచివాడే గానీ పెద్దల మాట దాటడు. ఫోనులోంచి ఆ వీడియో తీసేశాడు. దానికి ముందే అక్క దాన్ని నా ల్యాప్‌టాప్‌లో వేయించింది.

"నీ కాడ ఉండనీప్పా. ఎవురికీ చెప్పొద్దు" అంది.

అప్పటినుంచి మా ఇంటికి వచ్చినప్పుడల్లా గది తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కసారి చూసుకునేది. బయటికి వచ్చాక మామూలుగానే మాట్లాడేది. అమ్మకు తెలుసు, తెలియనట్టు ఉండేది.

ఒకరోజు పొద్దున ఆ ల్యాప్‌టాప్ వెలగలేదు. చార్జరు మార్చి చూశాను, ఫలితం లేదు. వారంటీ ఇంకా ఉంది కదా అని ధైర్యంగానే బళ్ళారిలో సర్వీస్ సెంటరుకు తీసుకుపోయాను. కౌంటరు దగ్గర ఒకమ్మాయి చూసి, బోర్డు పోయిందనీ, కంపెనీ ఉచితంగా కొత్తది వేస్తుందనీ చెప్పింది. లోపలి వీడియో ఏమవుతుందని అడిగాను. ఈ మోడల్లో దాచుకున్నవన్నీ ఆ బోర్డుకే అంటుకుని ఉంటాయట. బోర్డు మారితే అవీ పోతాయట. పాత బోర్డు కంపెనీది, మనకు తిరిగి ఇవ్వరట.

నా మొహం చూసి ఆ అమ్మాయికి జాలి వేసినట్టుంది. బెంగళూరుకు ఒక విన్నపం రాసి పెట్టింది. మార్చే ముందు ఈ బోర్డునే ఒకసారి బతికించి, లోపలివి తీసివ్వమని. బెంగళూరువాళ్ళు ఒప్పుకుంటే దొరుకుతుంది, లేకుంటే లేదు. ఆ ఒక్క ఆశ పట్టుకుని మేం కూర్చున్నాం.

ఆ తర్వాత మొదలైంది నా యాతన. ఎప్పుడు ఫోన్ చేసినా ఆ అమ్మాయి కన్నడంలో ఒకటే మాట. "ఇన్నూ బందిల్ల సార్, నాడిద్దు నోడోణ." ఇంకా రాలేదు, ఎల్లుండి చూద్దాం అని. ఆ ఎల్లుండి ఎన్నటికీ వచ్చేది కాదు. కంపెనీ నంబరుకు చేస్తే ముందు పాట, తర్వాత హిందీ, ఆ తర్వాత ఇంగ్లీషు. ఒకడు ల్యాప్‌టాప్ బెంగళూరులో ఉందన్నాడు. ఇంకొకడు దారిలో ఉందన్నాడు. మూడోవాడు అసలు బళ్ళారి దాటలేదన్నాడు. కంపెనీ బస్సులో కూర్చుని నేను వాళ్ళ మీద కేకలు వేస్తుంటే పక్కవాళ్ళు సీటు మారేవాళ్ళు. ఎండాకాలం పోయి వానలు కూడా వచ్చేశాయి.

అక్క రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. "యాడుందంటప్పా?" అని మాత్రం అడిగేది. తెలియదంటే సరేనని పెట్టేసేది. సరిగ్గా తినడం లేదని బావే ఒకసారి నాకు రహస్యంగా చెప్పాడు. ఎందుకో ఆయనకు తెలియదు, నేను చెప్పలేను.

అప్పుడు అమ్మ అంజనం మాట ఎత్తింది. చోరనూరులో ఈరన్న అనే రైతు అంజనం వేస్తాడని, తప్పిపోయిన ఎద్దుల జాడ, దొంగలెత్తుకుపోయిన తాళిబొట్టు జాడ చెప్పిస్తాడని. నాకు ఒళ్ళు మండింది.

"ల్యాప్‌టాప్‌కు అంజనమేందమ్మా? ఇంటే నవ్వుతారు."

"నవ్వేటోళ్ళు నవ్వుకోనీ. ఇన్ని నెల్లాయె, నీ కంపెనీవాళ్ళు ఏం ఊడబొడిచినారు?" అంది అమ్మ.

పోయి వస్తే అమ్మ నోరు మూతపడుతుంది, అక్కకు ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది అనుకున్నాను. ఒక ఆదివారం బండి మీద అమ్మను ఎక్కించుకుని బయల్దేరాను. చోరనూరు చేరేసరికి ఇద్దరి బట్టలకూ ఎర్రదుమ్ము పట్టింది.

ఈరన్న మొక్కజొన్న చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. పోయింది ల్యాప్‌టాప్ అంటే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "దాన్లో ఏముండాదమ్మా?" అని అమ్మను అడిగాడు. అమ్మ చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నాకేం కనబడదప్పా. మసి నూరి ఆకుకు పూసేవరకే నా పని. చూసేది మా కోడలు, ఎదురుకాళ్ళ బిడ్డ. కాన్పుకని పుట్టింటికి పోయింది. ఆయమ్మ వచ్చినంక రాండి."

అమ్మ నా వైపు చూసింది. నాకు విషయం అర్థమై లేవబోయాను. అమ్మ అప్పటికే చెప్పేసింది, మావాడూ ఎదురుకాళ్ళవాడేనని. వచ్చిందే తప్పనుకుంటుంటే, చూసే పని కూడా నా నెత్తినే పడింది.

మిట్టమధ్యాహ్నం అది. అరుగు మీద ఎండ, ఎదురుగా కోళ్ళు. నన్ను తూర్పుముఖంగా పీట మీద కూర్చోబెట్టారు. తమలపాకు మీద ఆముదంలో నూరిన మసి పూసి అరచేతిలో పెట్టాడు ఈరన్న. రెప్ప వేయకుండా చూడమన్నాడు. చూశాను. నూనె మెరుపు, అందులో నా నుదురు, వెనక పందిరి గుంజ. ఇంకేమీ లేదు. కాసేపటికి కళ్ళు మండాయి. ఏమీ లేదని చెప్పబోతున్నాను.

అప్పుడు ఆకు మధ్యలో నలుపు పలచబడింది. నా నుదురు కనిపించడం మానేసింది. తెల్లటి గుడ్డ మడత కనిపించింది. గుడ్డ మీద పాప మొహం, చాలా దగ్గరగా. కళ్ళకు పట్టీ లేదు. కుడికన్ను మూసి ఉంది, ఎడమకన్ను తెరిచి ఉంది. ఆ కంటి లోపలి మూలన, తెల్లగుడ్డు మీద, ఎర్రటి చుక్క ఉంది. ఆ కన్ను నన్నే చూస్తోంది.

"యాడుందప్పా? గోడ కనబడ్తాందా? దిక్కేదో చెప్పు" అని ఈరన్న అడుగుతూనే ఉన్నాడు.

ఆకును పక్కకు వంచేశాను, మసి చెదిరింది. మళ్ళీ నూనె, మళ్ళీ నా నుదురు. "ఏమీ కనబడలే" అన్నాను. అబద్ధమే. నిజం చెబితే అమ్మ ఆ సాయంత్రమే అక్కకు చెప్పేస్తుంది, అక్క ఏమైపోతుందో అని భయం వేసింది. నిజానికి నా గురించి కూడా భయం వేసింది. ఈరన్న నా మొహం కాసేపు చూసి, ఇంకేమీ అడగకుండా ఆకు మడిచి నీళ్ళలో వేశాడు.

దారిపొడుగునా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎండ, ఆకలి, నెలల తరబడి అదే ఆలోచన. మనసు అనుకున్నదే కంటికి కనిపిస్తుంది. కానీ నేను అనుకుని ఉంటే పట్టీ కట్టిన మొహమే కనిపించాలి. నేను చూసింది అదొక్కటే. ఆ పాప కళ్ళు నేనెప్పుడూ చూడలేదు. పసిపిల్లల కంట్లో అలా రక్తపుచుక్క ఉండవచ్చని కూడా నాకప్పటికి తెలియదు.

కొన్నాళ్ళకు ల్యాప్‌టాప్ సిద్ధమైందని సందేశం వచ్చింది. సెలవు పెట్టి బళ్ళారి పరిగెత్తాను. కౌంటరు అమ్మాయి నవ్వుముఖంతో తెచ్చిచ్చింది. మీట నొక్కగానే వెలిగింది. వెలిగి, నీకు ఏ భాష కావాలని కొత్తవాణ్ణి అడిగినట్టు అడిగింది. కొత్త బోర్డు. విన్నపం సంగతి అడిగితే ఆ అమ్మాయి నవ్వు మాయమైంది. బెంగళూరువాళ్ళు కుదరదన్నారట. పాతది ఎప్పుడో తీసేశారట. మెట్లు దిగుతుండగానే ఫోనుకు ఇంకో సందేశం, మా సేవకు ఎన్ని స్టార్లిస్తారని. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఏడ్చాను.

అక్కడినుంచి తిన్నగా దేశనూరు పోయాను. అక్క పెరట్లో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నా మొహం చూడగానే తెలిసిపోయింది.

"పోనీలేప్పా. నువ్వైనా ఏం జేస్తావు" అంది. అని మళ్ళీ మిరపకాయ అందుకుంది.

నన్ను తిట్టినా బాగుండేది. ఆ చేతులు ఆగకుండా తొడిమలు తీస్తుంటే చూడలేకపోయాను. దాచుకున్నది నోట్లోంచి వచ్చేసింది.

"నేను చోరనూరులో పాపను చూసినక్కా. ఆకులో. పట్టీ లేదు. ఎడమకన్ను తెరుసుకోనుండె."

అంతే చెప్పాను. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. అక్క చెయ్యి ఆగింది.

"మూలకు ఎర్రగా చుక్క ఉండె గదా?" అంది.

తల ఊపాను.

అప్పుడు చెప్పింది. ఒకరోజు పొద్దున నర్సు పాప మొహం తుడవడానికి పట్టీ తీసిందట. పాప ఎడమకన్ను ఒకటే తెరిచిందట, రెండోది తెరుచుకోలేదట. తుడిచి మళ్ళీ కట్టేశారట. ఆ ఒక్కసారే. బావకు కూడా చెప్పలేదు. చెబితే నీ భ్రమ అంటారని, ఉన్న ఆ కాస్తా పోతుందని.

"యాడికి చూస్తాండె?" అని అడిగింది.

"పైకి. నా మొగంలోకే."

"నీ మొగం కాదప్పా. ఆడ వంగింది నేను" అంది. అప్పుడు ఏడ్చింది. మిరప చేతులతో కళ్ళు తుడుచుకోబోతే నేనే పట్టుకుని ఆపాను.

ఆ పొద్దున ఆ గదిలో ఉన్నది అక్క, నర్సు. నేను కింద మందుల కొట్టు దగ్గర వరుసలో నిలబడి ఉన్నాను. ఆ వీడియోలో ఆ కన్ను లేదు. అక్క ఎవరికీ చెప్పలేదు. ఎటునుంచి లెక్క వేసినా నాకు తెలియడానికి దారి లేదు. చోరనూరుకు మళ్ళీ పోదామని అమ్మ రెండుమూడు సార్లు అంది, నేను పోలేదు. పోయి ఇంకేం చూడాలో నాకు తెలియదు.

అక్క ఇప్పుడు ల్యాప్‌టాప్ గురించి అడగదు. మా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ వంటింట్లో ఉన్న సమయం చూసి, నా పక్కన వచ్చి కూర్చుంటుంది. "చెప్పప్పా" అంటుంది. గుడ్డ మడత దగ్గరనుంచి మొదలుపెట్టి చెబుతాను. అది నాకెలా కనిపించిందో ఇప్పటికీ నాకు తెలియదు. అక్క ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు.