అక్షరాన్ని తిరగేసి చదివిన మా ఖాజా చిచ్చా

ముందుగా ఒక మనవి. నేను రాత్రి కాలేజీలో బి.ఏ. పూర్తి చేసినవాడిని. నాది పండితులు మెచ్చే తెలుగు కాదు. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి.

నిన్న ఉదయం నల్లగొండలోని నా షాపులో ఒక పెళ్లికార్డు డిజైన్ చేస్తుండగా చిచ్చా కూతురు షబానా ఫోన్ చేసింది.

"యాదన్నా... అబ్బా పోయిండు."

అంతే. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏం చెప్పిందో నాకు వినబడలేదు. ఎదురుగా కూర్చున్న కస్టమర్ "ఏమైంది సార్?" అని రెండుసార్లు అడిగాడట.

ఖాజా మియా. మాకందరికీ ఖాజా చిచ్చా, అంటే చిన్నాన్న. మా ఊరి వారపత్రికలో కంపోజిటర్. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో ఏరి, వరుసలో పేర్చి, పేజీ కట్టేవాడు. ఆ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. వాటిని తలకిందులుగా పేరుస్తారు. ఆయన అలాగే పేర్చేవాడు, అలాగే చదివేవాడు.

తొంభైల మొదట్లో మా ప్రెస్సుకు కంప్యూటర్ వచ్చింది.

ఆ రోజు సంబరం ఎలా చెప్పను! హైదరాబాద్ నుంచి కారు వెనక సీట్లో, బొంత చుట్టి, పసిపిల్లలా తీసుకొచ్చాం. కొబ్బరికాయ కొట్టాం. గది బయట చెప్పులు విడిచి మరీ లోపలికి వెళ్లేవాళ్లం. పక్క కిరాణా షాపు వాళ్లు, బ్యాంకు వాళ్లు, వచ్చి చూసి పోయేవాళ్లు.

హైదరాబాద్‌లో మూడు నెలలు ట్రైనింగ్ తీసుకున్న ఆపరేటర్‌ని నేనే. ఒక మీట నొక్కితే "నల్లగొండ" అన్న మాట స్క్రీన్ నిండా పెరిగింది. మళ్లీ నొక్కితే చీమంత అయింది. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

చప్పట్లు కొట్టిన వాళ్లలో చిచ్చా కూడా ఉన్నాడు.

ఆ సాయంత్రమే మా యజమాని రంగారావు సార్ ఆయన్ని పిలిచి, "ఖాజా, ఈ ఒక్క సంచిక అయ్యేదాకా ఉండు. తర్వాత చూద్దాం" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో అందరికీ తెలుసు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. ఆయనకు వేరే పని రాదు.

నేను ఊరడించబోయాను.

"చిచ్చా, ఇగ నీ చేతులకు మసి అంటదు. మంచిగైంది గద."

"మసి అంటకుంటే బువ్వెట్ల అంటదిర యాదీ?" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మొదటి కంప్యూటర్ సంచిక సిద్ధమైంది. పేజీని పలుచటి ట్రేసింగ్ షీట్ మీద ప్రింటు తీసి హైదరాబాద్ పంపితే, అక్కడ ఆఫ్‌సెట్‌లో అచ్చయి వస్తుంది. నేను చదివాను. రిపోర్టర్ చదివాడు. సార్ చదివారు. ఒక్క తప్పు లేదని తేల్చేశాం. నాలుగు గంటల బస్సుకు పంపాలి.

"జర ఇటియ్యిర, నేను గూడ సూస్త" అన్నాడు చిచ్చా.

షీట్ తీసుకుని, వెనక్కి తిప్పి, తలకిందులు చేసి, కిటికీ వెలుతురుకు పెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. "చిచ్చా, ఉల్టా పట్టుకున్నవ్!"

"నువ్వు సీదా సదువుకో బిడ్డా. నాకు గిట్లైతెనే కనవడ్తది."

వేలు పెట్టి అక్షరం అక్షరం జరుపుకుంటూ పోయాడు. పెద్ద హెడ్డింగ్ దగ్గర వేలు ఆగింది.

"యాదీ... నకిరేకల్ల గీయన ఎవ్వరి మొగడురా?"

వంగి చూశాను. నేను టైప్ చేయాల్సింది "నకిరేకల్‌లో పత్తిని అడిగేవారే లేరు" అని. ఒత్తు మీట నొక్కలేదు. అక్కడ ఉన్నది "పతిని అడిగేవారే లేరు"!

రిపోర్టర్ పడీ పడీ నవ్వాడు. చిచ్చా మాత్రం నవ్వలేదు.

"నవ్వులాట కాదు సార్. పత్తి అమ్ముడువోక గా రైతులు మార్కెట్ల కూసోని ఏడుస్తున్నరు. గిది అచ్చయితే మనం ఎక్కిరించినట్టు కాదా?"

సార్ ముఖం మాడిపోయింది. "మేం ముగ్గురం చూసినం కదా. నీకెట్ల దొరికింది ఖాజా?"

"మీరు మతలబు సదువుతరు సార్. ఉల్టా పెడితే మతలబు కనవడదు, అక్షరమే కనవడ్తది. సీసంల ఒత్తు వేరే ముక్క. గది లేకుంటే నా వేలుకు తెలుస్తది."

నేను పరుగెత్తి వెళ్లి ఒక్క మీట నొక్కాను. రెండు నిమిషాల్లో కొత్త షీట్ బయటికొచ్చింది.

"అరె వారెవా! గింతేనా? మేమైతే పేజీ మొత్తం ఇప్పి, మల్ల బిగిస్తుంటిమి!" అంటూ చిచ్చా ఆ వేడి షీట్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. కంప్యూటర్ వచ్చినందుకు ఆ రోజు నాకన్నా ఎక్కువ సంతోషించింది, దానివల్ల పని పోగొట్టుకోబోతున్న ఆ మనిషే.

బస్సు వెళ్లాక సార్ అన్న మాట ఇది: "ఖాజా, కంప్యూటర్ గదిలోకి ఒక కుర్చీ తెచ్చుకో."

పత్రిక మూతబడే దాకా ఆ కుర్చీ ఆయనదే. ఆ ముగ్గురు ఆడపిల్లలూ చదువుకున్నారు.

ఇప్పుడు వార్త బొటనవేలి కింద పుడుతోంది. క్షణంలో హాలియా నుంచి దుబాయ్ దాకా పోతోంది. నాకు ఇప్పటికీ అది అద్భుతమే. పోయిన రంజాన్‌కు వెళ్లినప్పుడు చిచ్చా నా ఫోన్ తీసుకుని, ఇటూ అటూ తిప్పి, "గీ వార్తకు ఎనక దిక్కే లేదుర. నేనెట్ల సదవాలె?" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ మొదటి కంప్యూటర్ సంచిక చివరి పేజీలో "కంప్యూటర్ కూర్పు: యాదగిరి, బి.ఏ." అని నా పేరు నేనే వేసుకున్నాను. ఆయన పేరు వేయాలని నాకు తోచలేదు. ఏ సంచికలోనూ తోచలేదు. ఆయన అడగలేదు.

అందుకే ఇక్కడ వేస్తున్నాను.

అక్షర పరిశీలన: ఖాజా మియా, కంపోజిటర్, నల్లగొండ.

సలాం చిచ్చా. కండ్లకు ఇక విశ్రాంతినివ్వు. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.

ఈ పోస్టును మొదట షబానా చదవాలి. తెలుగు చదవడం రాని వాళ్ల అమ్మకు, పైన నేను వేసిన ఆ పేరును వేలు పెట్టి చూపించాలి. తర్వాత రంగారావు సార్ పిల్లలు చదవాలి. ఆ తర్వాత నా షాపులోని ఇద్దరు ఆపరేటర్లు, రేపు పొద్దున మిషన్ ఆన్ చేసే ముందు.