సంగారెడ్డి దాకా నడిచిన జపాన్ బండి

మియాపూర్ మెట్రో దిగేసరికి ఏడున్నర దాటింది. కింద సంగారెడ్డి బస్సు కదలబోతుంటే పరిగెత్తి ఎక్కాను. ఆధార్ చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూలబడ్డాను. బ్యాగు నిండా జిరాక్సులు, ఫోన్ నిండా వాటి పీడీఎఫ్‌లు. పదకొండు గంటలకు సంగారెడ్డి రవాణా కార్యాలయంలో మాకు స్లాట్ ఉంది. జపాన్ నుంచి తెప్పించిన బండికి ఆ శుక్రవారం పక్కా నంబర్ పడాలి.

విదేశీ బండి అనగానే పెద్ద పెద్ద షోకులు ఊహించుకోకండి. అక్కడెవరో కొన్నాళ్ళు వాడి అమ్మేసిన చిన్న బండి ఇది. దాని ఎడమ వైపు ముందు సీటు కోసమే తెప్పించాం. మీట నొక్కితే ఆ సీటు తలుపులోంచి బయటికి తిరిగి, కిందికి దిగి, వీల్‌చెయిర్ ఎత్తుకు వచ్చి ఆగుతుంది. కూర్చునే మనిషిని ఎవరూ ఎత్తక్కర్లేదు.

ఆ సీటు మా పెదనాన్న కూతురు సరితక్కకు. అక్క కర్దనూర్ నుంచి స్కూటీ మీద ఒక మందుల కంపెనీ ల్యాబ్‌కు వెళ్ళేది. రెండేళ్ల కింద ఇస్నాపూర్ దగ్గర ఒక నల్ల కారు గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. అప్పటి నుంచి అక్కకు నడుము కింద స్పర్శ లేదు. కంపెనీ వాళ్ళు మంచోళ్ళే, గేటు దగ్గర ర్యాంపు కట్టారు. కానీ కంపెనీ బస్సు మెట్లు అక్క ఎక్కలేదు. ఆటో అయితే రోజూ ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలి. "నన్ను బస్తా లెక్క ఎత్తకుండ్రి" అని అక్క అందరితో గొడవపడేది. సొంతంగా రాగలిగితే సోమవారం నుంచి రమ్మన్నారు. రాలేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

ఆ సీటు వీడియో నా ఫోన్‌లోనే దొరికింది. ఆ తర్వాతి నెలలన్నీ కూడా ఫోన్‌లోనే గడిచాయి. మీలో ఎవరైనా ఇదే పని పెట్టుకుంటే ముందే చెప్తున్నాను. పాత బండి మూడేళ్లు దాటి ఉండకూడదు. స్టీరింగ్ కుడివైపే ఉండాలి. స్పీడు కిలోమీటర్లలో చూపించాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎడమ పక్కన నడిచే బండ్లకు సరిపోయేలా పడాలి. జపాన్‌లోనూ మనలాగే ఎడమ పక్కన నడుస్తారు కాబట్టి ఇవన్నీ మాకు కలిసొచ్చాయి. అయినా ఓడ ఎక్కే ముందు ఒక సర్టిఫికెట్, ముంబైలో దిగాక కస్టమ్స్, ఆ తర్వాత బ్రేకులకు, పొగకు, హారన్‌కు పరీక్షలు. ఏజెంటు మీద నేను అరిచిన అరుపులకు మా హాస్టల్ వార్డెన్ రెండుసార్లు తలుపు కొట్టింది.

బస్సు బీహెచ్ఈఎల్ దాటేదాకా ఏజెంటుతో ఫోన్‌లో గొడవపడుతూనే ఉన్నాను. పక్క సీట్లో టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకున్న ఒకామె, ఫ్యాక్టరీ పనికి వెళ్తున్నట్టుంది, నన్నే చూస్తోంది.

"ఏందమ్మా, పొద్దుగాల్నే ఫోన్ల గంత కొట్లాడుతున్నవ్?"

"జపాన్ బండికి నంబర్ గురించి."

"ఆడ నంబరియ్యలేదా?"

"ఆడిది ఈడ చెల్లదు."

"మా ఆయన గూడ గంతే. ఊరంత చెల్లుతడు, ఇంట్ల చెల్లడు" అని తనే పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు మొత్తంలో మనసారా నవ్వింది అక్కడే.

పటాన్‌చెరులో దిగి, బస్టాండ్ ముందు టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ తిన్నాను. అక్కడి నుంచి షేర్ ఆటో. కర్దనూర్‌లో పెదనాన్న ఇంటి ముందు దిగి గేటు తీశాను.

వాకిట్లో తెల్ల బండి నిలబడి ఉంది.

మాది నల్లది. కస్టమ్స్ కాగితంలో నలుపు, పరీక్షల రిపోర్టులో నలుపు, నా ఫోన్‌లో ఉన్న ప్రతి ఫోటోలో నలుపు. ఇది పాల ప్యాకెట్‌లా మెరిసిపోతోంది. వెనక అద్దం మీద ఎర్ర అక్షరాలతో 'సరిత' అని రాసి ఉంది. ముందు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయి.

పెదనాన్న లుంగీ ఎగ్గట్టి బట్టతో అద్దాలు తుడుస్తున్నాడు. సగం భూమి రోడ్లకు పోయాక ఆయన ఫ్యాక్టరీలో గేటు కాపలాకు వెళ్తున్నాడు. మిగిలిన దాంట్లో కొంత అమ్మి ఈ బండికి పెట్టాడు.

"ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు, బహుమతి విప్పి చూపించినట్టు.

"ఏంది పెద్దనాయినా ఇది? ఎవరు వెయ్యమన్నరు రంగు?"

"నేనే ఏపిచ్చిన. నల్ల బండి నా బిడ్డను గుద్దిపోయింది. గా నలుపుల నా బిడ్డెట్ల కూసుంటది?"

"కాగితాల నిండ బ్లాక్ అని ఉంది! నన్ను ఒక్క మాట అడగరా? ఫోన్ చేస్తే ఎత్తనా నేను?"

"నీ ఫోనెప్పుడూ బిజీనే గద" అంది గుమ్మంలోంచి అక్క. వీల్‌చెయిర్‌లో, ఇస్త్రీ చేసిన చుడీదార్‌లో, సోమవారం ఈ రోజే వచ్చినట్టు తయారై ఉంది. "అరవకే. నాయిన వారం సంది నిద్ర పోలే దీని ఎంబడి."

రంగు మారితే దరఖాస్తు పెట్టుకోవచ్చని ఫోన్‌లో వెతికి చూశాను. జరిమానా ఏదైనా ఉంటే కడదాం అనుకున్నాను. కోపం మింగి తాళం తీసుకున్నాను.

అక్క మీట నొక్కింది. సీటు మెల్లగా బయటికి తిరిగి కిందికి వచ్చింది. అక్క రెండు చేతుల మీద ఒళ్ళు లేపి దాంట్లోకి జరిగింది. సీటు ఆమెను ఎత్తి లోపల పెట్టుకుంది. ఎవరూ ముట్టుకోలేదు. పెదనాన్న మాత్రం ఎప్పటిలాగే చేతులు చాపి నిలబడ్డాడు, ఏం చేయాలో తెలియక వాటిని మళ్ళీ ముడుచుకున్నాడు.

వీల్‌చెయిర్ మడిచి వెనక పెట్టి బండి స్టార్ట్ చేయగానే జపాన్ భాషలో ఒక ఆడ గొంతు ఏదో చెప్పింది. వెనక సీట్లోంచి పెదనాన్న "ఆఁ, ఆఁ" అన్నాడు.

"ఏమర్థమైంది నాయినా?"

"ఎల్లొస్తమని చెప్తున్నది."

ముత్తంగి దాటి ముంబై రోడ్డు ఎక్కాం. ఇస్నాపూర్ దగ్గర నేను కావాలనే నెమ్మదించలేదు. అక్క అద్దం దించి గాలికి మొహం పెట్టింది. రుద్రారం దాటాక "సోమవారం నుంచి నెల దినాలు నువ్వు నడుపు. తర్వాత పొద్దున నన్ను తీస్కపోవుడు నాయిన పని. లైసెన్స్ తీస్కో నాయినా" అంది. ఆయన సిగ్గుపడ్డాడు. కంది, పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటి పదకొండు కాకముందే కార్యాలయం చేరాం. ముందున్న డబ్బా కొట్టులో తలా ఒక టీ తాగాం.

మా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ నడివయసు మనిషి. అక్క కూర్చున్న సీటును చూసి "ఇది మంచిగున్నదమ్మా" అన్నాడు. రంగు సంగతి నేనే చెప్పాను. "దానికి వేరే ఫారం ఉంటది, పెట్టుకోండి" అన్నాడు. నా గుండె కుదుటపడింది.

తర్వాత బానెట్ ఎత్తమన్నాడు. చాసిస్ నంబర్ రేకు మీద అచ్చు గుద్ది ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు కాగితం మీద తేలతాయి. ఆ ముద్ర లేకుండా ఏ బండికీ నంబర్ ఇవ్వరు.

ఇంజిన్ వెనక రేకు మీద ఆయన కాగితం పెట్టి రుద్దాడు. కాగితం నున్నగా నల్లబడింది. జరిపి మళ్ళీ రుద్దాడు. వేలితో తడిమాడు.

"ఈడ లప్పం పెట్టి నున్నగ పూడ్చిండ్రు. దాని కింద అంకెలు పోయేదాక గ్రైండర్ పట్టిండ్రు. ఎందుకు?"

నేను పెదనాన్న వైపు తిరిగాను. ఆయన మొహంలో ఇంకా నవ్వు పోలేదు.

"లోపట గూడ నల్లగనే ఉండె సార్. లారీ బాడీలకు రంగులేసే షెడ్డుల ఏపిచ్చిన. పెయింటరైతే లోపట వద్దన్నడు. నేనే ఇనలే. పైన తెలుపేసి కింద నలుపుంచితే ఏం లాభమని మొత్తం గీకిపిచ్చిన. దగ్గరుండి."

"తలుపు పక్కన కంపెనీ రేకుండాలె. దాని మీద గూడ నంబరుంటది."

"గదీ నల్ల రేకే సార్. పీకేపిచ్చిన."

పెదనాన్న దగ్గర పెయింటర్ నంబర్ తీసుకుని, ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "రేకా మేడం? స్క్రాపుల ఏసినం. లోడు మొన్ననే ఎల్లిపాయె" అన్నాడు అతను, ఏమీ జరగనట్టు.

ఇంజిన్ నంబర్ ఉంది కదా, సరిపోయింది కదా అని వాదించాను. ఇంజిన్ మార్చుకోవచ్చు, చాసిస్ మార్చలేరు అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఓడ ఫోటోలు, ముంబై ఫోటోలు, పరీక్షల ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి ఆయన మొహం ముందు పెట్టాను. ఆ ఫోటోల్లో నల్ల బండి ఉంది, ఎదురుగా తెల్ల బండి ఉంది.

"కనిపిస్తలేదా మీకు? ఈ సీటున్న బండి ఈ జిల్లాల ఇంకోటి ఉందా? మేం దొంగల లెక్క ఉన్నమా?" నా గొంతుకు లైన్లో ఉన్నవాళ్ళంతా తిరిగారు.

"నేను నమ్ముతున్ననమ్మా. నంబర్ గీకిన బండంటే రూల్ల దొంగ బండే, నేనేం చెయ్యను? ఇప్పుడు దీన్ని రోడ్డు మీదికి గూడ పంపరాదు. పోలీసుల ఫోరెన్సిక్ ల్యాబుకు రాస్తం. వాళ్ళు మందు పోసి పాత అచ్చు తేలుతదేమో చూస్తరు."

"తేలుతదా?"

ఆయన మళ్ళీ ఒకసారి వేలితో తడిమాడు. "లోతుకే పట్టిండ్రు" అన్నాడు.

"సోమవారానికి అయితదా సార్?" అని అడిగాడు పెదనాన్న. ఇన్‌స్పెక్టర్ కాగితాల్లోకి తల వంచుకున్నాడు.

బండిని కార్యాలయం వెనక, సీజ్ చేసిన బండ్ల వరసలో పెట్టాలన్నారు. అక్క దిగాలి. మీట నొక్కింది. సీటు బయటికి తిరిగింది, దిగింది, వీల్‌చెయిర్ పక్కన సరిగ్గా ఆగింది. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి వీడియో తీశారు. వాళ్ళ మీద పడి కొట్టేదాన్నే, అక్క నా చెయ్యి పట్టుకుంది. తను వీల్‌చెయిర్‌లోకి మారాక, ఖాళీ సీటు తనంతట తనే పైకి లేచి లోపలికి వెళ్ళిపోయింది. దుమ్ము పట్టిన ఆటోలు, ఇసుక ట్రాక్టర్ మధ్య బండిని నిలబెట్టి తాళం ఇచ్చేశాను.

బయటికొచ్చాక ఆగలేకపోయాను. "మెదడున్నదా పెద్దనాయినా? ఆ కారు నడుము విరగ్గొట్టింది, నువ్వు బతుకే గీకేసినవ్!"

అక్క అంది, చాలా మెల్లగా, "ఇగ చాలు."

ఆటో వాళ్ళు వీల్‌చెయిర్ పట్టదన్నారు. బస్టాండ్‌కు రోడ్డు పక్కనే తోసుకుంటూ వెళ్ళాం. ఎవరికీ ఆకలి లేదు, ఎవరూ తినలేదు. పటాన్‌చెరు బస్సు దగ్గర పెదనాన్న అక్క ముందు వంగాడు. రెండేళ్లుగా వద్దు వద్దన్న అక్క మారు మాట్లాడకుండా ఆయన వీపు మీద వాలింది. నేను వెనక నుంచి కాళ్ళు పట్టాను. "జల్ది జల్ది" అంటూనే కండక్టర్ దిగి వీల్‌చెయిర్ మడిచి ఎక్కించాడు. అక్కకు, నాకు జీరో టికెట్లు కొట్టాడు.

కంది దాటాక అక్క ఫోన్ తీసింది. "సార్, సరితను. సోమవారం రాలేను సార్... లేదు సార్, ఎప్పుడొస్తనో చెప్పలేను... అవును సార్. ఇచ్చేయుండ్రి." అవతలి మనిషి ఇంకా మాట్లాడుతుండగానే పెట్టేసింది. ముందు సీటు కడ్డీ పట్టుకున్న పెదనాన్న గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లరంగు ఉంది.

ఈ దారిన బండి తెప్పించుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఓడల వాళ్ళతో, కస్టమ్స్‌తో, ఏజెంట్లతో మాట్లాడినంతగా మీ ఇంట్లో వాళ్ళతోనూ మాట్లాడండి. నేను సముద్రం అవతలి వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. చాసిస్ నంబర్ ఎక్కడ ఉంటుందో కర్దనూర్‌కు ఒక్క ఫోన్ చేసి చెప్పలేదు.

ఇస్నాపూర్ వచ్చింది. కంపెనీ బస్సులు షిఫ్టు దిగినవాళ్ళతో పక్కనుంచి పోతున్నాయి. అక్క కిటికీ వైపు చూడకుండా నా ఫోన్ మీద వేలు పెట్టింది.

"సీటు బయటికొచ్చే వీడియో ఉన్నది గద నీ దగ్గర?"

"ఉంది."

"తీసెయ్యి."

తీసేశాను. అక్క చూస్తుండగానే.