రాళ్లకు మంచినీళ్లు

ఎల్బీనగర్‌లో ఒక ఇంటి కింది వాటాయే మా ప్రయోగశాల. గనుల వాళ్లు పంపిన రాయిలో బంగారం ఎంత చేతికొస్తుందో చెప్పడం మా పని. ఆ బంగారం గంధకం కలిసిన ఇనుప ఖనిజంలో దాక్కుని ఉంటుంది. రాయిని పిండి చేసి నీళ్లలో కలిపి, మందులు వేసి మెషిన్‌తో గాలి ఊదితే, ఖనిజం బుడగలకు అంటుకుని నురగగా పైకి తేలుతుంది. పప్పు మీది నురగ తీసి పారేసే ఇంట్లో పెరిగినవాణ్ని. నురగ దాచుకుని పప్పు పారబోయడం అలవాటు కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

బయట తెలంగాణ ఉద్యమం ఉప్పొంగుతోంది. లోపల నా ఖనిజం మునుగుతోంది. మందులన్నీ మార్చాను, ఇక మార్చాల్సింది నన్నేనని మా సారుకు అనిపించినట్టుంది. గుంటూరు మనిషి, మర్యాదగానే చెప్పారు. "ఇదే ఆఖరి సంచి అండీ. రేపు గని వాళ్లకి జవాబు చెప్పాలి. ఇదీ తేలకపోతే మెషిన్ అమ్మేద్దాం."

ఆ రోజు బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ర్యాలీతోపాటు నినాదాలిస్తూ నడిచి వచ్చి బోరు స్విచ్ వేస్తే, మోటారు ఒకసారి మూలిగి అదీ బంద్ పాటించింది. మెకానిక్ ర్యాలీలోనే ఉన్నాడు, రేపే వస్తానన్నాడు. గత్యంతరం లేక పైన ఉండే ఓనరు పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను.

"రెండు బిందెల నల్లా నీళ్లు గావాలె పెద్దమ్మా."

"దూపయితుందా బిడ్డా?"

"నాకు గాదు, రాళ్లకు."

"తాగే నీళ్లు రాళ్లకు పోస్తవా? సదువుకున్నోడివేనా నువ్వు?" అంటూనే బిందెలు ఇచ్చింది.

ఆమె తప్పేం లేదు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు తాగడానికి, మిగతా అన్నిటికీ బోరు నీళ్లు. మా పేటల్లో అందరి లెక్కా అదే. అందుకే ఇన్నాళ్లూ మందులను అనుమానించాను గానీ నీళ్లను అనుమానించలేదు.

ఆఖరి సంచి పిండిని ఆ నల్లా నీళ్లలో కలిపి గాలి ఊదాను. ఎప్పుడూ సబ్బు బుడగల్లా వెలవెలబోయే నురగ ఆ రోజు నల్లగా, మెరుస్తూ, అంచు దాటి పొంగింది. ఆరబెట్టి, సీసంతో కరిగించి, ఆ సీసాన్ని పోగొట్టి చూస్తే అడుగున పసుపు పూస, మునుపటి వాటికన్నా స్పష్టంగా పెద్దది. బోరు నీటిలోని సున్నం ఖనిజానికి పూతలా పట్టి బుడగలకు అంటనివ్వలేదని తరువాత తేలింది.

మర్నాడు సారు గని వాళ్లకు ఫోన్ చేసి, ఇంకో పది సంచులు పంపమన్నారు. మెషిన్ అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. పెద్దమ్మకు పూస చూపించాను.

"గింతేనా? నా ముక్కుపుల్ల గింతకన్నా పెద్దగుంటది."

అంతలో నల్లా వచ్చింది. ఆమె తన బిందెలు నింపుకుని పక్కకు జరిగింది.

"నీ బిందెలు పెట్టు బిడ్డా. రాళ్లు ఎదురుసూస్తున్నయేమో."