స్టీరింగు వదలని అక్క

మా పెద్దమ్మ కూతురు ఓ వాలీబాల్ జట్టుకి బస్సు నడుపుతుంది. పెళ్లయిన కొత్తలో మొగుడు డ్రైవింగ్ మానెయ్యమంటే, బస్సు మానకుండా మొగుణ్ణే మానేసింది. విడాకులయ్యాక మేడమీద ఓ గది తీసుకుని ఒక్కతే ఉండేది. ఎవర్నీ గడప దాటనిచ్చేది కాదు. చెల్లెల్ని, నేను వెళ్లాలన్నా ముందు ఫోన్ చెయ్యాల్సిందే.

ఆ జట్టులో స్మాష్ కొట్టేవాడొకడు ఉండేవాడు. పొడగరి, మాటకారి. ఎక్కడా కుదురుగా వాలడని అందరూ తూనీగ అనేవారు. ఆటకి వెళ్లిన ప్రతి ఊళ్లోనూ వాడికి ఓ అమ్మాయి. అక్క అన్నీ అద్దంలోంచి చూసేది, పట్టించుకునేది కాదు. ఒకసారి వాడు ముందు సీట్లోకొచ్చి కబుర్లు మొదలెడితే, గేరు దగ్గర కాళ్లు పెట్టొద్దని మాత్రం చెప్పింది.

వాడికి పట్టుదల పెరిగింది. బస్సు కడుగుతానన్నాడు. సరే కడగమంది. సీట్ల కింద తోటివాళ్ల కంపు సాక్సులు కూడా వాడిచేతే ఏరించింది. పోనుపోను ఫోన్లో అక్క నోట వాడి ఊసు రావడం మొదలైంది. వాడి సంగతి తెలిసి కూడానా అని అడిగాను. తెలుసు కాబట్టే తొందరపడట్లేదంది.

ఓ మధ్యాహ్నం స్టేడియం గేటు దగ్గర ఒకమ్మాయి ఎదురుచూస్తూ నిలబడింది. తూనీగ ఆమెను చూసి సీట్లో కిందికి జారిపోయి, బస్సు పోనిమ్మని అక్కకి సైగ చేశాడు. అక్క ఇంజను ఆపి తలుపు తెరిచింది.

"దిగు. ఇంక రానని ఆ అమ్మాయి మొహం చూసి చెప్పిరా. అప్పటిదాకా బస్సు కదలదు."

జట్టంతా చూస్తుండగా దిగాడు. ఆ అమ్మాయి వాణ్ణి కడిగిపారేసింది. తిరిగొచ్చి, ముందు సీటు వదిలేసి చివరికెళ్లి కూర్చున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే మిగతా ఊళ్ల అమ్మాయిలకీ ఫోన్లు చేసి అదే మాట చెప్పాడు. ఒకామె తిట్టిన తిట్లన్నీ అక్కకి వాడే చెప్పుకుంటే, న్యాయం ఆమెదే అంది అక్క. అయినా అవన్నీ అయ్యాకే వాణ్ణి గదికి టీకి పిలిచింది.

ఆ టీ సంగతి జట్టు మేనేజరు చెవిన పడింది. డ్రైవరు ఆటగాడితో తిరిగితే పరువు పోతుందనీ, రేపట్నుంచి సామాన్ల లారీ నడుపుకోమనీ అక్కని పిలిచి చెప్పాడు.

"ఇన్నేళ్లూ అతను ఊరూరా తిరిగితే పోని పరువు, నేనో కప్పు టీ ఇస్తే పోయిందా సార్? నేను లారీ ఎక్కను. నాది తప్పయితే ఆ మాట రాసి సంతకం పెట్టండి" అంది అక్క.

ఆయన పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే కొత్త డ్రైవరు వచ్చేసరికి అక్క తన సీట్లో కూర్చుని అద్దం తుడుచుకుంటోంది. అతను కాసేపు అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు. ఆటగాళ్లంతా ఎప్పట్లాగే ఎక్కారు. తూనీగ వాళ్లందరికంటే ముందు ఎక్కాడు.

"ఇద్దరం ఒకే బస్సులో ఉండటం ఆ మేనేజరుకి కష్టమైతే, దిగాల్సింది నువ్వే" అని అక్క వాడికి తేల్చిచెప్పింది. సీజను అయ్యాక వాడు వేరే జట్టుకి మారాడు.

రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. వాడు నిలుస్తాడంటావా అని పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటే, అక్క నిబ్బరంగా చెప్పింది: "నిలిస్తే సంతోషం. నిలవకపోతే నేను పడిపోనమ్మా."

ఇప్పటివరకూ నిలిచాడు. నేనూ బావా అనే పిలుస్తున్నాను.

మొన్న బావ జట్టు అక్క వాళ్ల జట్టు చేతిలో ఓడిపోయింది. బావ వేలాడేసిన మొహంతో అక్క బస్సు దగ్గరికొచ్చి, తననీ ఎక్కించుకోమన్నాడు.

"వీళ్లని ఇళ్లకి చేర్చడం నా పని. నువ్వు మీ బస్సులో రా" అని అక్క తలుపు వేసేసింది.